తెర మీది కిటికీలు

మా నాయనమ్మకు చదువు రాదు. బొంబాయికి మిల్లు పనికి పోయిన చిన్నాయన దగ్గర్నుంచి ఉత్తరం వస్తే, దాన్ని కొంగున ముడి వేసుకుని, బడిపంతులుగారు ఎప్పుడు అటుగా వస్తారా అని అరుగు మీద కూర్చునేది. ఆయన చదివి వినిపించేవారు. ఆమె చెప్పింది కార్డు మీద రాసిపెట్టేవారు. మా ఇంట్లో ఎవరికి ఎంత అప్పున్నదీ, ఏ కోడలు అలిగి పుట్టింటికి పోయిందీ, ఏ పిల్లకు ఎక్కడ సంబంధం చూస్తున్నదీ, ఆ పంతులుగారికి తెలియని సంగతి లేదు. ఆయన మంచివారు కాబట్టి సరిపోయింది. కాకపోతే ఏమయ్యేదన్న ఆలోచన నాయనమ్మకు ఎన్నడూ వచ్చినట్టు లేదు.

ఇన్నేళ్ల తరువాత ఆ అరుగు నాకు జ్ఞాపకం వచ్చింది. ఎక్కడనుకున్నారు? మా తొర్రూరులో ఒక నెట్ సెంటరు ముందర. వరంగల్లు నుంచి ఖమ్మం పోయే దారిలో వున్న వూరు మాది. 2016 అక్టోబరు దాకా వరంగల్లు జిల్లా, తరువాత మహబూబాబాదు జిల్లా అయింది. చుట్టుపక్కల పల్లెలవాళ్లంతా పని మీద ఇక్కడికే వస్తారు. పాసుబుక్కు కోసం వచ్చిన రైతు, హాల్ టికెట్టు కోసం వచ్చిన పిల్లవాడు, పెన్షను కాగితాలు పట్టుకుని వచ్చిన పెద్దాయన, అందరూ వరసలో నిలబడి వున్నారు. తమ వంతు రాగానే ప్రతివారూ ఫోను ఆ కుర్రవాడి చేతిలో పెట్టి, "ఓటీపీ వచ్చిందేమో చూడు తమ్మీ" అంటున్నారు. పాస్‌వర్డు చెప్పేటప్పుడు గొంతైనా తగ్గించడం లేదు. వాళ్లలో డిగ్రీలు చదివినవాళ్లూ వున్నారు. చదువుకున్నామనుకున్న మనమే మళ్లీ ఆ అరుగు మీదికి చేరాం సుమా!

సీటు రాలేదు

ఆ మధ్య ఒక వేసవిలో, మాకు తెలిసినవారి అమ్మాయి ఒకతె మా కాలేజీకి వచ్చింది. కళ్లల్లో నీళ్లు.

"సార్, సీటు రాలె" అన్నది.

ఇంటర్మీడియట్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల. రాకపోవడమేమిటి?

"ఆప్షన్లు పెట్టుకున్నవా బిడ్డా?"

"పెట్టిన సార్. నేను కాగితం మీద రాసిచ్చిన. నెట్ సెంటరు అన్న కొట్టిండు."

"నువ్వు చూసినవా?"

"పక్కన నిలబడ్డ సార్. ఏది ఏందో నాకు సమజ్ కాలె."

తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి 'దోస్త్' అనే ఆన్‌లైను పద్ధతిలో జరుగుతున్నాయి. విద్యార్థి తనకు కావలసిన కాలేజీలను ఇష్టమైన వరసలో ఎంచుకోవాలి. మార్కులనూ రిజర్వేషనునూ బట్టి సీటు కేటాయిస్తారు. మా లాబులో ఆ అమ్మాయి ఖాతా తెరిచి చూశాం. జాబితా ఖాళీగా వుంది. జరిగింది వూహించడం కష్టం కాలేదు. పేర్లన్నీ కొట్టిన తరువాత 'సేవ్' అనే మీట నొక్కాలి. అది కిటికీ అడుగున, కంటికి కనపడని భాగంలో వుంటుంది. కిందికి జరిపితేగాని కనపడదు. వెనక పదిమంది నిలబడి తొందరపెడుతుంటే ఆ కుర్రవాడు అది మరిచి, ఇంకొకరి పని తెరిచాడు. దొంగతనం లేదు, మోసం లేదు. ఆ చివరి మీట సంగతి ఎవరూ చూడలేదు, అంతే. ఆ కుర్రవాడికి అది రోజుకు వంద పనుల్లో ఒకటి. ఈ పిల్లకు మాత్రం ఒక ఏడాది చదువు.

ఆ విడత చెయ్యి జారినా, తరువాతి విడత ఇంకా వుంది. "ఈసారి నువ్వే కొట్టాలి" అన్నాను. "నాకు రాదు సార్" అన్నది. రెండు రోజుల పాటు ఆ పిల్లకు చెప్పిన పాఠమే ఇక్కడ రాస్తున్నాను. కంప్యూటరు తెలిసినవారికి ఇందులో కొత్త ఏమీ లేదు. తెలియక, అడగడానికి సిగ్గుపడి వూరుకున్నవారి కోసం ఇది.

కిటికీ అని ఎందుకన్నారు?

వెనకటి కంప్యూటర్ల తెర నల్లగా, మూగగా వుండేది. దానికి పని చెప్పాలంటే ఆజ్ఞలు కంఠతా పట్టి, ఒక్కొక్క అక్షరం తప్పు లేకుండా కొట్టాలి. సామాన్యుడికి అది అయ్యే పని కాదు. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఇంజనీరు, సుమారు గంటన్నర సేపు ఒక ప్రదర్శన ఇచ్చాడు. చేతికింద ఒక చిన్న డబ్బాను జరుపుతుంటే తెర మీద ఒక చుక్క కదిలింది. వెనక తోకలాగా తీగ వుండడంతో దానికి ఎలుక అని పేరు పడింది. ఈనాటి మౌసు అదే.

1973లో జిరాక్సు కంపెనీవారి పరిశోధనశాలలో ఆల్టో అనే యంత్రం తయారైంది. మనం బల్ల మీద కాగితాలు ఒకదాని మీద ఒకటి పరుచుకుని పని చేసుకుంటాం గదా, తెర మీద కూడా అట్లాగే ఎందుకు చేసుకోకూడదు అని అక్కడివారు ఆలోచించారు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క చట్రం గీశారు. ఆ చట్రమే కిటికీ. 1984 జనవరిలో ఆపిల్ కంపెనీ మెకింటాష్ ఈ పద్ధతిని జనంలోకి తెచ్చింది. 1985 నవంబరులో మైక్రోసాఫ్టు కంపెనీ తన సరుకుకు ఏకంగా కిటికీలనే పేరు పెట్టింది. అదే విండోస్. తమాషా ఏమిటంటే, ఆ మొదటి విండోస్‌లో కిటికీలు పక్కపక్కన నిలబడవలసిందే, ఒకదాని మీద ఒకటి ఎక్కడానికి వీలు లేదు. 1987లో వచ్చిన రెండో రూపంలో ఆ స్వేచ్ఛ వచ్చింది. 1995 ఆగస్టు 24న వచ్చిన విండోస్ 95లో తెర అడుగున ఒక పట్టీ, దాని మీద 'స్టార్ట్' మీట వెలిశాయి. ఆ పట్టీ ఈనాటికీ వుంది.

ఆ కంపెనీ 1998లోనే హైదరాబాదులో తన కేంద్రం తెరిచింది. 2014 ఫిబ్రవరిలో దాని ముఖ్య అధికారి అయిన సత్య నాదెళ్ల హైదరాబాదులో పుట్టినవారు. కనుక ఈ కిటికీలు మనకు మరీ పరాయివేమీ కావు.

మొదటి పాఠం: ముందున్నది ఏది?

కంప్యూటరు వెలగగానే కనపడే మైదానం మీ బల్ల. దాని మీది చిన్న బొమ్మలు మీ కాగితాలకూ పనిముట్లకూ గుర్తులు. ఒక బొమ్మను తెరిస్తే కిటికీ తెరుచుకుంటుంది. ఇంకొకటి తెరిస్తే అది మొదటిదాని మీద పడుతుంది. మొదటిది పోయిందని కొత్తవారు కంగారుపడతారు. పోలేదు. పంచాంగం మీద పత్రిక పెడితే పంచాంగం పోతుందా?

ప్రతి కిటికీ నెత్తిన ఒక పట్టీ వుంటుంది. దాని మీద పేరో, లోపలి పుటల పేర్లో కనపడతాయి. ముందు అది చదవండి. ఆ పట్టీకి కుడి చివర మూడు గుర్తులు. అడ్డగీత నొక్కితే కిటికీ అడుగు పట్టీలోకి దిగి కూర్చుంటుంది, మళ్లీ అక్కడ నొక్కితే పైకి వస్తుంది. చతురస్రం నొక్కితే తెర నిండా పరుచుకుంటుంది, మరోసారి నొక్కితే చిన్నదవుతుంది. ఇంటూ గుర్తు నొక్కితే మూతపడుతుంది. దించడం వేరు, మూయడం వేరు. కొత్తవారికి సగం చిక్కులు ఈ తేడా తెలియకనే.

ఎన్ని కిటికీలు తెరిచి వున్నాయో తెలియకపోతే 'ఆల్ట్' మీట నొక్కిపట్టి 'టాబ్' మీట నొక్కండి. అన్నీ వరసగా కనపడతాయి. టాబ్ నొక్కుతూ పోతే ఒక్కొక్కటే మారుతుంది, కావలసిన దాని మీద చెయ్యి వదిలితే అది ముందుకు వస్తుంది. మీరు కొట్టే అక్షరాలు ముందున్న కిటికీలోకే పోతాయి. కాబట్టి కొట్టేముందు ముందున్నది ఏదో చూసుకోవడం మొదటి నియమం.

రెండో పాఠం: చేతివాటం

మౌసు ఎడమ మీట ఒకసారి నొక్కితే ఎంచుకోవడం. వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే బల్ల మీది బొమ్మ తెరుచుకోవడం. కుడి మీట నొక్కితే, ఆ వస్తువుతో ఏమేమి చేయవచ్చునో చెప్పే చిన్న జాబితా వస్తుంది. ఎడమ మీట నొక్కిపట్టి జరిపితే వస్తువు కూడా జరుగుతుంది. ఇంతే విద్య. చెయ్యి స్వాధీనం కావడానికి మాత్రం కొంచెం సేపు పడుతుంది.

1990లో వచ్చిన విండోస్ మూడో రూపంలో ఒంటరిగా ఆడుకునే పేకాట ఒకటి పెట్టారు. ముక్కలను లాగి ఒకదాని మీద ఒకటి వేస్తూ పోతే జనానికి మౌసు అలవాటవుతుందని అందులోని ఉద్దేశమంటారు. పేకాట వల్ల చదువు చెడినవారిని చూశాం గాని, చదువు వచ్చినవారిని ఇక్కడే చూస్తాం! అయితే ఆ గుణపాఠం మంచిదే. మొదటి రోజు ఏ దరఖాస్తూ ముట్టుకోకండి. ఊరికే బొమ్మలు గీయండి, కిటికీలు జరపండి, మూయండి, తెరవండి. నొక్కినందువల్ల యంత్రం పాడైపోదు. ఏదైనా చెరిపేముందు చాలా సందర్భాల్లో అదే అడుగుతుంది. అడిగినప్పుడు భయపడి ఏదో ఒకటి నొక్కకుండా, ఏమడిగిందో చదివితే చాలు.

మూడో పాఠం: కనపడనిది కూడా వుంటుంది

మా అమ్మాయి సీటు పోయింది ఇక్కడే. కిటికీ ఎంత పెద్దదైనా లోపలి కాగితం అంతకంటె పొడుగ్గా వుండవచ్చు. బావిలోకి తొంగి చూస్తే పై నీళ్లే కనపడినట్టు, మనకు పైభాగమే కనపడుతుంది. కిటికీ కుడి అంచున నిలువుగా ఒక సన్నని పట్టీ, అందులో ఒక ముక్క వుంటాయి. కొన్నిచోట్ల మౌసు అక్కడికి తీసుకుపోతేగాని అది కనపడదు. ఆ ముక్క అట్టడుగుకు చేరితేనే కాగితం అయిపోయినట్టు. మౌసు మధ్యనున్న చక్రం తిప్పినా కిందికి జరుగుతుంది.

ఏ దరఖాస్తుకైనా ఇది సూత్రం: అట్టడుగు చూడనిదే అయిపోయిందనుకోవద్దు. 'సేవ్' అనో 'సబ్మిట్' అనో మీట సాధారణంగా అక్కడే దాగి వుంటుంది. నొక్కిన తరువాత కూడా, అందినట్టు జవాబు వచ్చిందా లేదా చూసి, ఆ జవాబును కాగితం మీద అచ్చు వేయించుకునిగాని లేవకూడదు.

చూపు ఆననివారికి ఒక చిట్కా. విండోస్ గుర్తున్న మీట నొక్కిపట్టి కూడిక గుర్తు నొక్కితే తెర మీది అక్షరాలు భూతద్దంలో చూసినట్టు పెద్దవవుతాయి.

నాలుగో పాఠం: కల్లమూ గాదే

మీరు కొడుతున్న అక్షరాలు తెర మీద కనపడుతున్నంత మాత్రాన అవి యంత్రంలో స్థిరపడినట్టు కాదు. అవి కల్లంలో వున్న ధాన్యం. కరెంటు పోతే, వాన పడ్డట్టే. 'సేవ్' చేస్తే గాదెలో పోసినట్టు. 'కంట్రోల్' మీట నొక్కిపట్టి 'ఎస్' నొక్కితే అది జరుగుతుంది. మొదటిసారి పేరు అడుగుతుంది. నలుగురిలో గుర్తుపట్టే పేరు పెట్టండి, ఏ ఫోల్డరులో పెడుతున్నారో చూసుకోండి. ఫోల్డరు అంటే కాగితాల సంచి తప్ప మరేమీ కాదు.

దాచకుండా కిటికీ మూస్తే, "దాచమంటారా?" అని యంత్రం అడుగుతుంది. దాచు, దాచవద్దు, మూయడమే మానుకో, అని మూడు జవాబులు. తొందరలో రెండోది నొక్కి, పరీక్షల మార్కుల పట్టిక మొత్తం పోగొట్టుకుని, మళ్లీ మొదటినుంచి కొట్టిన మేధావిని నేనే. ఎం.ఏ. చదువు అక్కడ ఆదుకోలేదు. కొన్ని కొత్త ప్రోగ్రాములు తమంతట తామే దాస్తాయి. అయినా అలవాటు మానుకోకండి.

తప్పు చేస్తే దిద్దుకునే దారి కూడా వుంది. 'కంట్రోల్'తో 'జడ్' నొక్కితే చివర చేసిన పని వెనక్కు పోతుంది. జీవితంలో ఇట్లాంటి మీట వుంటే ఎంత బాగుండేది! చెరిపిన కాగితాలు 'రీసైకిల్ బిన్' అనే బుట్టలో పడి వుంటాయి, అక్కడినుంచి తిరిగి తీసుకోవచ్చు. పెన్‌డ్రైవు మీదినుంచి చెరిపినవి మాత్రం ఆ బుట్టలో పడవు, జాగ్రత్త. ఇక 'సి'తో నకలు తీసుకోవడం, 'ఎక్స్'తో కత్తిరించడం, 'వి'తో అతికించడం, ఇవి కూడా కంట్రోల్‌ను నొక్కిపట్టి చేసేవే. కాగితాన్ని కత్తెరతో కత్తిరించి జిగురుతో అంటించే పాత పద్ధతికే ఇది తెర మీది రూపం.

అయిదో పాఠం: మన అక్షరాలు

"ఇంగ్లీషు రాకపోతే కంప్యూటరు రాదు గదా సార్?" అని ఆ అమ్మాయి అడిగింది. చాలామంది ఇట్లాగే అనుకుంటారు. ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒకే లెక్కలో సంకేతాలు ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో, 1991లో వచ్చిన మొదటి రూపంలోనే తెలుగుకు చోటు దొరికింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే తెలుగు ఖతి వచ్చింది. అంతకు ముందు అచ్చుపని వారు వాడిన తెలుగు ఖతుల్లో రాసింది, ఆ ఖతి లేని ఇంకొక యంత్రంలో తెరిస్తే పిచ్చిగీతలుగా కనపడేది. యూనికోడ్‌లో రాస్తే ఆ బెడద లేదు.

ఇంకొక ముచ్చట. తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు తయారుచేసి ఇచ్చిన యూనికోడ్ ఖతుల్లో ఒకదాని పేరు పోతన. మాకు పొరుగున, పాలకుర్తి దగ్గర వున్న బమ్మెరలో ఆ మహాకవి తాటాకు మీద గంటంతో రాశాడు. ఆయన పేరుగల అక్షరాలతో ఆయన పొరుగూరివాళ్లం తెర మీద రాసుకోవచ్చు.

యంత్రం సెట్టింగులలో భాషల దగ్గర తెలుగు చేర్చుకుంటే చాలు. విండోస్ మీటతో ఖాళీ మీట నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగుకు మారుతుంది. ఇన్‌స్క్రిప్టు అనే పద్ధతిలో అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమచేతి వైపు, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు వుంటాయి. అది నేర్చుకునే ఓపిక లేనివారికి, ఇంగ్లీషు అక్షరాలతో ఉచ్చారణ కొడితే తెలుగు పడే పద్ధతి కూడా 2019 నుంచి విండోస్‌లోనే వుంది.

ఆరో పాఠం: పరాయి యంత్రం

అందరి ఇళ్లలో కంప్యూటర్లు వుండవు. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వేలో, దేశంలోని పల్లెల్లో నూటికి 4.4 ఇళ్లలోనే కంప్యూటరు వున్నట్టు తేలింది. పట్టణాల్లో 23.4. కాబట్టి చాలామంది పరాయి యంత్రం మీద పని చేయక తప్పదు. అప్పుడు కొన్ని జాగ్రత్తలు.

పాస్‌వర్డు మీరే కొట్టండి, నోటితో చెప్పకండి. "ఈ పాస్‌వర్డు గుర్తుపెట్టుకోమంటారా?" అని యంత్రం అడిగితే వద్దనండి. పని కాగానే కిటికీ మూసి లేచిపోతే చాలదు. ముందు 'లాగౌట్' చేయాలి. లేకపోతే మీ తరువాత కూర్చున్నవాడు తెరిచేది మీ తలుపే. దింపుకున్న ఆధారు కాగితాలూ సర్టిఫికెట్లూ 'డౌన్‌లోడ్స్' అనే సంచిలో వుండిపోతాయి. వాటిని చెరిపి, బుట్ట కూడా ఖాళీ చేయండి. ఓటీపీ అంటే ఆ క్షణానికి మీ సంతకం. ఏ పనికి వచ్చిందో ఆ సందేశంలోనే రాసి వుంటుంది. అది చదవకుండా అంకె చెప్పడం, తెల్లకాగితం మీద వేలిముద్ర వేయడంతో సమానం.

ఎన్నాళ్లు పడుతుంది?

పల్లెల్లో ఇంటికి ఒకరికైనా ఈ విద్య నేర్పాలని కేంద్రప్రభుత్వం 2017లో ఒక పథకం పెట్టింది. ఆరుకోట్ల ఇళ్లు దాని లక్ష్యం. అది 2024 మార్చితో ముగిసింది. అందులో శిక్షణకు పెట్టిన కాలం 20 గంటలు. రోజుకు ఒక గంట చొప్పున మూడు వారాలు! సైకిలు నేర్చుకోవడానికి ఇంతకంటె ఎక్కువ దెబ్బలు తిన్నాం.

మా అమ్మాయి తరువాతి విడతలో లాబులో కూర్చుని ఆప్షన్లు తానే పెట్టుకుంది. నేను పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఒకచోట కిటికీ వెనక్కు పోతే ఒక్క క్షణం నా మొహం చూసింది. నేను పలకలేదు. అడుగు పట్టీలో వెతికి తానే పైకి తెచ్చుకుంది. చివరిదాకా జరిపి 'సేవ్' నొక్కి, లాగౌట్ చేసి, మళ్లీ తెరిచి, జాబితా నిలిచిందో లేదో చూసుకుంది. అట్లా చూసుకోమని నేను చెప్పలేదు. హనుమకొండలో తాను కోరిన కాలేజీలోనే సీటు వచ్చింది.

ఆ తరువాత వాళ్ల నాయన ఒకరోజు కనపడి, "ఇప్పుడు మా ఇంట్ల కాయితాలన్నీ పిల్లనే చూస్తున్నది సార్" అన్నాడు. సంతోషమే. "మరి నువ్వెప్పుడు చూస్తవు?" అన్నాను. నవ్వి వూరుకున్నాడు. ఆ నవ్వు చూస్తే నాకు మళ్లీ నాయనమ్మ కొంగుముడి జ్ఞాపకం వచ్చింది. పంతులుగారి బదులు కూతురు, అంతే తేడా.

కనుక పాఠకులకు నా మనవి. ఇంట్లోగాని పొరుగునగాని కంప్యూటరు తెలిసిన పిల్లలుంటే, వచ్చే ఆదివారం ఒక గంట వాళ్ల పక్కన కూర్చోండి. పిల్లలు విసుక్కుంటారు, "ఇటియ్యి, నేను చేస్త" అంటారు. ఇవ్వవద్దు. మౌసు మీ చేతిలోనే వుండనివ్వండి.